నాలుగు గీతలున్నా మోగని ఫోన్

2003లో నేను జగ్గయ్యపేటలో ఒక ప్రైవేటు టెలిఫోన్ కంపెనీకి టవర్ల ఇంజనీర్ని. అప్పట్లో సెల్‌ఫోన్లు రెండు రకాలు: జీఎస్‌ఎం, సీడీఎంఏ. మాటను గాలిలో మోసే పద్ధతులు అవి. ఒకదాని ఫోన్ రెండోదానికి పనికిరాదు. జీఎస్‌ఎం కంపెనీలు ఎక్కువ ఫీజు కట్టి ఎక్కడైనా తిరిగే లైసెన్సు తీసుకున్నాయి. మా సీడీఎంఏకి చవకగా దొరికింది ‘లిమిటెడ్ మొబిలిటీ’, అంటే ఏ ఏరియాలో కొన్న ఫోన్ ఆ ఏరియాలోనే మోగాలి. జగ్గయ్యపేట ఫోన్ నందిగామ ఏరియాలోకి వెళ్తే, అక్కడున్నది కూడా మా టవరే అయినా, మా కంప్యూటర్ దాన్ని ఆపేయాలి. ఆ ఆర్డరు కొట్టింది నేనే. మా సేల్స్ వాళ్లు మాత్రం ఊరంతా ‘మొబైల్’ అని చెప్పి అమ్మారు.

అలా మా ఫోన్ కొన్న మస్తాన్ వలీ కరెంటు లైన్‌మన్. స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్‌కి చెప్పి లైను ఆపించుకోవాలి. దిగాక స్వయంగా వెళ్లి సంతకం పెడితేనే మళ్లీ కరెంటు వదలాలి. రూలు అది. ఫోన్లొచ్చాక సంతకాలు పోయాయి. పని అవగానే మస్తాన్ ఛార్జింగు మిగుల్చుకోవడానికి ఫోన్ ఆపేసేవాడు. సబ్‌స్టేషన్ ఆపరేటరు ఫోన్ చేసినప్పుడు ‘స్విచ్ ఆఫ్’ అని వినపడితే మనిషి దిగాడని అర్థం. ఇద్దరికీ అది అలవాటైపోయింది.

ఒక మధ్యాహ్నం అతను మా రెండు ఏరియాల సరిహద్దులో, మిర్చి చేల మధ్య స్తంభం ఎక్కాడు. జేబులో ఫోన్ నందిగామ వైపు టవర్ని పట్టుకుంది. మా కంప్యూటర్ దాన్ని ఆపేసింది. ఆపరేటరు ఫోన్ చేస్తే మా రికార్డింగు ‘స్విచ్ ఆఫ్’ అంది. ఆయన కరెంటు వదిలేశాడు. కరెంటును భూమిలోకి దింపే ఎర్తు గొలుసు తీగలకు తగిలించి ఉండబట్టి మస్తాన్‌కి ప్రాణం దక్కింది. అప్పుడు లేచిన మంటకు కుడిచెయ్యి కాలింది. పైనుంచి పడి తుంటి విరిగింది.

ఫిర్యాదు మా ఆఫీసుకి వచ్చింది. ఆస్పత్రికి వెళ్లాను.

“నాలుగు గీతలూ ఉన్నాయండీ. పైకెక్కాక నేనే చూసుకున్నా. సిగ్నలుంటే మోగాలి కదండీ?”

“సిగ్నల్ ఉంది మస్తాన్. మేమే ఆపాం. అక్కడ మోగడానికి మాకు లైసెన్సు లేదు.”

“అమ్మేటప్పుడు చెప్పలేదేంటండీ? నందిగామ దాకా పనిచేస్తుందా అని అడిగా కూడా. బ్రహ్మాండంగా అన్నారు.”

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదంటారు. ఇక్కడ ఆ పూజారిని నేనే. నా మీద నాకే అసహ్యం వేసింది.

విజయవాడలో మా మేనేజరు మాత్రం తొణకలేదు. “కవరేజ్ లేదని రాసెయ్. అయినా ఫోన్ నమ్ముకుని కరెంటు వదలడం వాళ్ల తప్పు కదయ్యా?”

ఒళ్లు మండిపోయింది. “వాళ్ల తప్పు వాళ్లు రాసుకుంటారు సార్. మనది మనం రాద్దాం” అన్నాను. ‘సిగ్నల్ ఉంది. కాల్ మనమే ఆపాం. రికార్డింగు అబద్ధం చెప్పింది’ అని రాసిచ్చాను. ఆ కాగితం చించేసి, ‘కవరేజ్ లేదు’ అని వేరే వాడితో టైపు చేయించి పైకి పంపారు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

కొన్నాళ్లకు ప్రభుత్వం లైసెన్సులన్నీ కలిపేసింది. మా కంపెనీ ఫీజు తేడా కట్టి, ఎక్కడైనా తిరిగే లైసెన్సు తెచ్చుకుంది. కొత్త టవర్ వెయ్యలేదు, కొత్త తీగ లాగలేదు. నేను కంప్యూటర్లో ఆ ఆర్డరు చెరిపేశాను, అంతే. అప్పటికి మస్తాన్ స్తంభాలెక్కే పని వదిలేసి, ఊతకర్రతో నడుస్తున్నాడు. చెయ్యి చూపించుకోవడానికి నందిగామ వచ్చినప్పుడు కలిసి, అతని ఫోన్ అక్కడే మోగించి చూపించాను.

“ఏం మార్చారండీ?”

“ఒక్క లైను తీసేశా.”

“ఎంతసేపు పట్టింది?”

“నిమిషం.”

అతను కాలిన చేత్తోనే ఫోన్ అటూ ఇటూ తిప్పి చూశాడు. “అయితే ఆ రోజు కూడా తీసేయొచ్చన్నమాట.”

“తీసేయొచ్చు” అన్నాను.

అతను ఫోన్ జేబులో వేసుకుని, ఊతకర్ర అందుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత చాలా కంపెనీల్లో పనిచేశాను. యంత్రానికి చేతకానిదాన్ని చేతకాదని రాస్తాను. మనం ఆపినదాన్ని మనమే ఆపామని రాస్తాను. అందుకు రెండు ఉద్యోగాలు పోయాయి.