ఊయల ఉన్న వీధి

మాది రేగొండ. పెళ్లయ్యేదాకా నేను సముద్రాన్ని చూడలేదు. మా వైపు నీళ్లంటే చెరువు, వాగు, మోటరు వేస్తే వచ్చే బోరు. మా ఆయనకు కాకినాడ దగ్గర ఒక చిన్న తీరపు పట్నానికి బదిలీ అయ్యేనాటికి మా పాపకు నాలుగేళ్లు. గాలి బాగా వస్తుందని ఆయన చూసి ఖాయం చేసిన ఇంట్లోనే దిగాం. పైన మేము, కింద ఇంటావిడ. డెబ్బై దాటిన మనిషి, ఒక్కతే ఉండేది. వీధిలో అందరిలాగే మేమూ ఆమెను మామ్మగారు అనేవాళ్లం.

సముద్రం చప్పుడుకు నేను అలవాటు పడలేకపోయాను. రోడ్డు మీద లారీలు ఆగకుండా పోతున్నట్టు ఉండేది. అన్నం వండుతున్నా, పాపకు జడ వేస్తున్నా చెవి అటే ఉండేది.

మామ్మగారి ముందు గది గోడ నిండా పాత ఫొటోలు. పాప రోజూ కిందికి దిగిపోయి, కుర్చీ ఎక్కి, ఒక్కొక్కదాని మీద వేలు పెట్టి "ఇదెవరు?" అని అడిగేది. వాటిలో ఒకటి వీధి ఫొటో. మట్టి రోడ్డు, అటూ ఇటూ పెంకుటిళ్లు, చివర ఒక బడి. బడి ముందు బాదం చెట్టుకు కట్టిన ఊయల, దాని మీద రెండు జడల పిల్ల. ఆ పిల్ల మామ్మగారే.

"ఈ వీధి ఎక్కడుందండీ?" అని ఒకరోజు అడిగాను.

"మన వీధేనమ్మా. గుమ్మంలోంచి తిన్నగా తూర్పుకి."

గుమ్మంలో నిలబడి తూర్పుకు చూశాను. మా తర్వాత మూడిళ్లు, ఆ తర్వాత నల్లరాళ్ల కట్ట, ఆపైన సముద్రం.

"మరి బడి?"

"అదిగో, ఆ పడవ కనబడతందా? అక్కడుండేది," అంది చెయ్యి చాపి. పక్కింటివాళ్లు వేరే వీధికి మారిపోయారని చెప్పినంత మామూలుగా చెప్పింది.

ఆ తర్వాత ఆ ఫొటో చూడకుండా ఉండలేకపోయాను. అందులోని ఇళ్లు లెక్కపెట్టబోయి సగంలో ఆపేసేదాన్ని. డాబా మీద బట్టలు ఆరేస్తూ, కట్ట మీదికి ఎగిసే నురుగు నిన్నటికంటే ఎత్తుగా ఉందా అని చూసేదాన్ని. మా ఆయనతో అంటే నవ్వేవాడు. "ఈడ గింతమంది ఉంటలేరా? నువ్వొక్కదానివే పరేషాన్ అయితున్నవ్."

వానాకాలంలో మా అమ్మ వచ్చింది. ఆమె ఉంటే ధైర్యంగా ఉంటుందనుకున్నాను. డాబా ఎక్కి ఒక్కసారి చూసిందో లేదో, గోడ పట్టుకుంది. "గిదేంది బిడ్డా! ఇల్లు ఈడ, నీళ్లు గాడ! గింత దగ్గర ఎట్ల ఉంటున్నరు?" నా భయం రెండింతలైంది. కిందికి తీసుకెళ్తే మామ్మగారేమో "మీ మాట భలేగుందండీ, సినిమాల్లో విన్నట్టు" అని నవ్వింది. మా అమ్మ ముఖం ముడుచుకుని, మళ్లీ కిందికి దిగలేదు.

ఆ వారంలోనే అల్పపీడనం పట్టింది. పొద్దున్నే మైకు కట్టిన ఆటో తిరిగి, ఎవరూ వేటకు వెళ్లొద్దని చెప్పిపోయింది. మా ఆయన ఆఫీసుకు వెళ్లాడు. మధ్యాహ్నానికి ఆకాశం నల్లబడింది. డాబా మీద బట్టలు తీసి, పాపను పిలుద్దామని కిందికి దిగాను. మామ్మగారు పడక కుర్చీలో కునుకు తీస్తోంది. గోడ దగ్గర పాప ఎక్కే కుర్చీ ఉంది. పైన వీధి ఫొటో లేదు, ఉత్త మేకు ఉంది. వీధి గేటు తెరిచి ఉంది.

"మామ్మగారూ, పాపేదండీ?"

ఆవిడ ఉలిక్కిపడి లేచింది. "ఇందాకా ఇక్కడే ఉందమ్మా. ఉయ్యాల ఎక్కుతానని ఒకటే గోల. తిన్నగా వెళ్తే వచ్చేస్తాదన్నాను. ఆటకన్నానమ్మా! అయ్యో, ఆటకన్నాను!"

తూర్పుకు పరిగెత్తాను. వీధిలోకి అప్పటికే నీళ్లు వచ్చాయి. పాపను పిలుస్తుంటే నా గొంతు నాకే వినబడలేదు. వెనక మా అమ్మ "ఆగు బిడ్డా, ఆగు!" అని అరుస్తూ వస్తోంది.

చివరి ఇల్లు ఎవరో ఎప్పుడో ఖాళీ చేసి వదిలేసినది. దాని అరుగు మీద పాప కూర్చుని ఉంది. ఒళ్లో ఫొటో. ఒకసారి ఫొటోలోకి, ఒకసారి సముద్రంలోకి చూస్తోంది. నేను అడుగు వేసేలోపే కట్ట దాటి ఒక అల విరుచుకుపడి నన్ను మోకాళ్ల మీద పడేసింది. కళ్లలో, నోట్లో ఉప్పు. లేవాలని ఉంది, ఒళ్లు కదలలేదు. బిడ్డ కళ్ల ముందే ఉంది, నేను రాయిలా ఉండిపోయాను.

అప్పుడు మా అమ్మ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని నన్ను దాటి వెళ్లింది. అంతవరకు సముద్రంలో కాలు తడవని మనిషి. గోడ పట్టుకుని వెళ్లి, పాపను చంకనేసుకుని, మరో చేత్తో నా రెక్క పట్టి లేపింది. "లే! ఏడుసుడు ఇంటికాడ!" అంది. ఫొటో ఎక్కడ జారిపోయిందో ఎవరమూ చూడలేదు.

"ఉయ్యాల లేదమ్మా," అంది పాప దారిలో. అంతే.

మామ్మగారు మెట్ల మీద కూర్చుని ఉంది. పాప పాదాలు ఒళ్లో పెట్టుకుని చెంగుతో తుడిచింది. మా అమ్మ ఆవిడను తిడుతుందేమో అనుకున్నాను, కానీ పక్కనే కూలబడింది. "నువ్వు గూడ మాతోని రా అక్కా. ఒక్కదానివి గీడ ఎందుకు?"

"నేనెక్కడికొస్తానండీ," అంది ఆవిడ.

మర్నాడు చూస్తే ఆ అరుగు లేదు. ఆ వారమే మేము రైల్వే స్టేషన్ వైపు ఇల్లు మారాం. ఆదివారాలు ఆవిడను చూడటానికి వెళ్లేదాన్ని. గేటు దగ్గర ఆగి, ముందు ఇంకా ఎన్ని ఇళ్లున్నాయో చూశాకే లోపలికి అడుగుపెట్టేదాన్ని. ఏడాది తిరగకముందే మూడిళ్లలో ఒక్కటే మిగిలింది. అప్పుడు ఆవిడే ఫోన్ చేసి, "మీ ఆయన్ని ఆటో తీసుకు రమ్మనమ్మా" అంది.

ఇప్పుడు మా ముందు గదిలో ఉంటోంది. ఇక్కడికి సముద్రం చప్పుడు రాదు. అయినా గాలి గట్టిగా వీచిందంటే ఆవిడ మాట మధ్యలో ఆగిపోతుంది. ఇద్దరం ఒకేసారి పాప ఎక్కడుందో చూస్తాం.