రెండు మోకాళ్ళకూ కట్టు

దుబాయ్ దగ్గర అజ్మాన్‌లో మా బిల్డింగు లిఫ్టు మూడో అంతస్తు దాకానే వస్తుంది. నేనుండేది ఏడులో. అయితే లిఫ్టు చెడిపోయిందని మాత్రం ఎవరూ అనరు. వాచ్‌మన్‌ను అడిగితే "మాఫీ ముష్కిల్ సాబ్, ఏ ఇబ్బందీ లేదు, నడుస్తోంది కదా" అంటాడు. మూడు దాకా నడుస్తోంది కాబట్టి అతను చెప్పింది అబద్ధం కాదు. పోనీ, పనిచేయడం లేదని ఒక బోర్డయినా పెట్టమన్నాను. "బోర్డు పెడితే ఓనర్ చూస్తాడు" అన్నాడు. ఓనర్ చూడాలనే కదా నా గోల. అతని గోల వేరు.

అలా ఆ డిసెంబరు శనివారం పొద్దున్నే, నాకు మోకాళ్ళున్నాయని ఒక్కో మెట్టు మీదా గుర్తు చేసుకుంటూ కిందికి దిగాను. వెళుతున్నది కూడా ఒక మోకాలి పని మీదే.

ఆ మోకాలు ఫింటన్‌ది. ఐర్లండు ఆటగాడు. మా ఇంజనీరింగ్ హాస్టల్ టీవీలో అతన్ని మొదటిసారి చూశాను. అప్పుడతనికి పందొమ్మిదేళ్ళు, ఇంగ్లండులో ఒక పెద్ద క్లబ్బుకు ఆడుతున్నాడు. ఎడమ పక్క నుంచి ముగ్గురిని దాటుకుని వచ్చి ఒక గోలు కొట్టాడు. మర్నాడు నాకు థర్మోడైనమిక్స్ పరీక్ష. ఆ గోలు ఇప్పటికీ గుర్తుంది, థర్మోడైనమిక్స్ గురించి అడక్కండి. వీడు ప్రపంచాన్ని ఏలతాడని హాస్టలంతా తేల్చేసింది. మరుసటి ఏడే ఎడమ మోకాల్లో లిగమెంటు తెగింది. కోలుకుని వచ్చాక తొడ కండరం, తర్వాత చీలమండ, మళ్ళీ అదే మోకాలు. పెద్ద క్లబ్బు చిన్న క్లబ్బుకు ఇచ్చింది, చిన్న క్లబ్బు ఇంకా చిన్నదానికి. ఇంటర్నెట్‌లో అతని పేజీ చదువుతుంటే ఆటగాడి చరిత్ర చదివినట్టుండదు, ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ చదివినట్టుంటుంది. ఐర్లండు జట్టుకు పిలుపు రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ అతను మంచం మీద ఉన్నాడు.

అలా దొర్లుతూ దొర్లుతూ ముప్ఫై దాటాక అల్ ఐన్‌లో, కింది డివిజన్ క్లబ్బులో తేలాడు. ఆ సంగతి నాకు చెప్పింది మస్తాన్ భాయ్. నెల్లూరాయన. కరోనా రోజుల్లో అజ్మాన్‌లో మేమిద్దరం ఒకే గదిలో బెడ్‌స్పేస్ తీసుకుని ఉన్నాం. అప్పట్లో ఆయన బిల్డింగు పనిలో ఉండేవాడు, రాత్రిళ్ళు గదిలో అందరికీ నడుములు పట్టేవాడు. ఆ హస్తవాసితోనే ఇప్పుడా క్లబ్బులో మసాజు, బట్టల పని సంపాదించాడు. ఇంటర్వ్యూలో పుత్తూరు కట్టు తెలుసని చెప్పాడట. "మాది నెల్లూరు గదా, పుత్తూరుకూ మాకూ తేడా ఈళ్ళకేం తెలస్తది సార్" అన్నాడు. ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద, అయినా నన్ను సార్ అనడం మానడు.

ఆ శనివారం సాయంత్రం ప్రాక్టీసు మ్యాచ్ ఉంది. ముదీర్, అంటే క్లబ్బు మేనేజరు, స్వయంగా వచ్చి చూస్తాడు. ఫింటన్ నిలబడి ఆడితే సీజను చివరిదాకా ఉంచుతారు, లేదంటే జనవరిలో విమానం ఎక్కిస్తారు. "మీ ఐర్లండు బాబు ఆట చూడాలంటే ఇదే టైము, రాండి" అని మస్తాన్ భాయ్ ఫోన్ చేశాడు.

వెళ్ళదలచుకున్న వాళ్ళ కోసం దారి చెబుతాను. అజ్మాన్ నుంచి దుబాయ్ యూనియన్ దాకా బస్సు, అక్కడి నుంచి మెట్రోలో అల్ ఘుబైబా, అక్కడ అల్ ఐన్ బస్సు. కార్డులో డబ్బులు ముందే వేసుకోండి. డ్రైవర్ల దగ్గర చిల్లర ఉండదు, ఓపిక అంతకంటే ఉండదు. శాలువా తప్పనిసరి. బయట ఎండ కాస్తుంటే బస్సులో కూరగాయలు నిలవ చేసేంత చలి ఉంటుంది.

తొమ్మిదిన్నరకు బస్సు కదిలింది. పక్క సీట్లో గంగారాం అని జగిత్యాల మనిషి. అల్ ఐన్‌లో ఖర్జూరం తోటలో పని. నా చేతిలో ఒక జామకాయ పెట్టి మాట కలిపాడు.

"ఏడికి వోతున్నవ్ సార్?"

"అల్ ఐన్. ఫుట్‌బాల్ మ్యాచ్ చూడ్డానికి."

"మనోళ్ళున్నరా అండ్ల?"

"లేరు. ఐర్లండు అతను ఒకడున్నాడు."

"గాయినె నీకేమైతడు?"

ఏమీ కాడన్నాను. గంగారాం కాసేపు ఆలోచించి, "సెలవు దొరికినట్టుంది తీ" అన్నాడు.

ఎడారి మొదలైంది. కంచెల అవతల ఒంటెలు మా బస్సును తాపీగా చూస్తున్నాయి. గంగారాం సంచీ పైనుంచి దించడానికి లేచి, కుడి చెయ్యి ఎత్తబోయి ఆపి, ఎడమ చేత్తో లాగాడు. భుజానికేమైందని అడిగాను.

"లేస్తలేదు సార్. రొండు నెల్లాయె."

"డాక్టరుకు చూపించలేదా?"

"సూపిస్తే కాయిదం రాస్తడు. గా కాయిదం ముదీర్ కాడికి వోతది. ముదీర్ టికెట్ గొట్టి ఇంటికి తోల్తడు. ఖలాస్." రేపు మబ్బు పట్టొచ్చు అన్నంత మామూలుగా చెప్పాడు. "ఎడమ చేత్తోని చెట్లెక్కుడు అలవాటైంది. ముదీర్ ముంగట మాత్రం కుడి చెయ్యి ఊపుతా."

పదకొండున్నర దాటాక అల్ ఐన్ వచ్చింది. ఎడారిలో రెండు గంటలు కూర్చున్న వాడికి ఆ చెట్లను చూస్తే ఎవరో పొరపాటున నీళ్ళ పంపు కట్టేయడం మరిచిపోయారేమో అనిపిస్తుంది. బస్టాండు పక్కన మలయాళీ హోటల్లో చేపల కూరతో భోజనం చేశాను. కూర బాగుంది. అన్నం మరోసారి కావాలంటే అడక్కండి, ఊరికే కంచం వంక చూస్తూ కూర్చుంటే చాలు, వాళ్ళే వడ్డిస్తారు.

రెండింటికి మస్తాన్ భాయ్ వచ్చి క్లబ్బు వ్యాన్‌లో గ్రౌండుకు తీసుకెళ్ళాడు. గ్రౌండు వెనక చిన్న గది, అందులో మసాజు బల్ల. బల్ల మీద ఫింటన్ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు. టీవీలో కన్నా పొట్టి. జుట్టు పలచబడింది. నన్ను చూసి లేవబోయి, మస్తాన్ భాయ్ చెయ్యి అడ్డం పెడితే ఆగిపోయాడు.

ఎడమ మోకాలు చూశాను. బొప్పాయి కాయంత ఉంది. మస్తాన్ భాయ్ ఐసు సంచీ పక్కన పెట్టి, వెడల్పాటి సాగే బట్టతో గట్టిగా కట్టాడు. ఆ తర్వాత ఏ జబ్బూ లేని కుడి మోకాలికి కూడా అంతే శ్రద్ధగా కట్టాడు.

"అదెందుకు?" అన్నాను తెలుగులో.

"ఒకదానికే కడితే ఏమైందని అడగతారు సార్. రెంటికీ కడితే అలవాటేమో అనుకుంటారు. బిల్డింగు పన్లో రెండేళ్ళు నా నడుము అట్నే గదా దాచింది. నొప్పని నోరు తెరిచినోడు మళ్ళా ఈడ కనపడడు."

"ఇది ఆట కదా మస్తాన్ భాయ్. పరిగెత్తాలి."

"గోడలెక్కడం మాత్రం కూకోని చేస్తారా?"

ఫింటన్ ఏం మాట్లాడుతున్నారని అడిగాడు. నీ ఆట గురించే అన్నాను. హాస్టల్ టీవీలో చూసిన గోలు గురించి చెప్పాను. పరీక్ష సంగతి కూడా చెప్పాను. బాగా నవ్వాడు. అతని ఇంగ్లీషు సగం నాకు, సగం గాలికి పోతోంది కానీ తర్వాతి మాట మాత్రం స్పష్టంగా వినిపించింది.

"ఆ రోజు కూడా ఈ కాలికి సూది వేయించుకునే దిగాను. ఎలా ఉందని అందరూ అడిగారు. బాగుందన్నాను."

తనకిప్పుడు కప్పులూ పతకాలూ ఏమీ వద్దన్నాడు. ఒక్క సీజను మొదటి నుంచి చివరిదాకా ఆడితే చాలన్నాడు. జీవితంలో ఒక్కటీ పూర్తి చేయలేదట. మెట్రిక్యులేషన్ తప్పిన వాడు మళ్ళీ పరీక్ష కట్టడం గురించి చెప్పినట్టు, కొంచెం సిగ్గుపడుతూ చెప్పాడు.

అప్పుడే క్లబ్బు డాక్టరు తలుపు తోసుకుని వచ్చాడు. సూడాన్ ఆయన, నెమ్మదస్తుడు. "అంతా సరేనా?" అన్నాడు. ఫింటన్ బాగుందన్నాడు. మస్తాన్ భాయ్ "మాఫీ ముష్కిల్ డాక్టర్" అన్నాడు. డాక్టరు రెండు కట్ల వంకా చూసి, ఏమనుకున్నాడో, నా వంక కూడా చూశాడు. గదిలో మూడో మనిషిని కాబట్టి మర్యాదకు చూశాడనుకున్నాను. నా నోట్లో మస్తాన్ భాయ్ ఇచ్చిన ఖర్జూరం ఉంది. గింజ ఎక్కడ వేయాలా అని వెతుకుతున్నాను.

నాలుగున్నరకు ఆట మొదలైంది. చూడటానికి వచ్చినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ముదీర్ నీడలో సోఫా వేయించుకుని కాఫీ తాగుతున్నాడు.

ఫింటన్ ఎక్కువ పరిగెత్తలేదు. అవసరం రాలేదు. బంతి వచ్చేసరికి అతను అక్కడ ఉండేవాడు, అంతే. ఒకసారి గాల్లో వస్తున్న బంతిని ఎడమ కాలి మీద దించుకున్నాడు, నిద్రపోయిన పిల్లను మంచం మీదికి దించినట్టు. ముదీర్ కప్పు కింద పెట్టి ముందుకు వంగాడు. మస్తాన్ భాయ్ నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నేను హాస్టల్లో ఉన్నాను.

విరామానికి కొంచెం ముందు ఎడమ పక్క నుంచి ఒకణ్ణి దాటాడు, రెండో వాణ్ణి దాటాడు. మూడో వాడు ఇంకా దూరంగానే ఉన్నాడు. ఎవరూ తగల్లేదు. పక్కకు తిరగబోయి కూలబడ్డాడు. కేక వేయలేదు. కూర్చుని, మోకాలి మీద రెండు చేతులూ పెట్టుకుని, ఎదుటి గోలు వైపు చూస్తున్నాడు. ఆ కాలి భాష అతనికి వచ్చు. ఇంకొకరు వచ్చి చెప్పనక్కర్లేదు.

డాక్టరు పరిగెత్తుకెళ్ళి కట్టు విప్పాడు. ముందు ఎడమది, తర్వాత కుడిది. కుడి మోకాలు శుభ్రంగా ఉండటం చూసి తలెత్తి మస్తాన్ భాయ్‌ని వెతికాడు. "మధ్యాహ్నం చెప్పి ఉంటే కొన్ని వారాల విశ్రాంతితో సరిపోయేది" అన్నాడు. గొంతు పెంచలేదు. "ఇప్పుడు నేను చెప్పగలిగింది ఏమీ లేదు."

ముదీర్ అప్పటికే లేచి వెళ్ళిపోయాడు. కాఫీ సగం మిగిలింది.

స్ట్రెచర్ మీద తీసుకెళుతుంటే ఫింటన్ నన్ను చూసి బొటనవేలు ఎత్తాడు. "ఇవాళ ఇద్దరినే" అన్నాడు. మస్తాన్ భాయ్ అతని బూట్లు ఒళ్ళో పెట్టుకుని అంబులెన్సు ఎక్కాడు. నన్ను బస్టాండులో దించమని వ్యాను డ్రైవరుకు చెప్పడం మాత్రం మరిచిపోలేదు.

ఏడింటి బస్సు దొరికింది. శనివారం సాయంత్రాలు ఖాళీగానే ఉంటుంది, కిటికీ సీటు కోసం కంగారు పడక్కర్లేదు. అల్ ఐన్ చూడదగ్గ ఊరు. తోటలున్నాయి, కొండ ఉంది, భోజనం బాగుంది. మీరు వెళితే ఉదయాన్నే చేరుకోండి, ఎండ పడకముందే తోటల్లో తిరగండి. నేను అవేవీ చూడలేదు. ఒకే ఒక్క మనిషి ఆట చూడటానికి వెళ్ళాను, చూశాను. నా జీవితంలో అంత మంచి ఆట ఎదురుగా కూర్చుని చూడలేదు. ఆట ఇంకాసేపు నడిస్తే బాగుండునని, బస్సు దుబాయ్ దీపాల్లోకి వచ్చేదాకా అదే అనుకున్నాను. ఆ బొప్పాయి కాయ గుర్తొచ్చినప్పుడల్లా శాలువా సర్దుకున్నాను.

ఘుబైబాలో దిగబోతుండగా ఫోను మోగింది. మస్తాన్ భాయ్, ఆసుపత్రి నుంచి. స్కానింగ్ అయిందట. పాత చోటే మళ్ళీ తెగిందట, పక్కన ఇంకోటి కూడా. ఇక ఆట లేదని ఫింటనే డాక్టరుతో అన్నాడట.

"నువ్వు బాధపడకు భాయ్, నీ తప్పేముంది" అన్నాను. ఇలాంటప్పుడు చదువుకున్న వాళ్ళు అనే మాటే అది.

అవతల తలుపు మూసిన చప్పుడు, ఆ వెంటనే మస్తాన్ భాయ్ గొంతు.

"నాకు ముదీరంటే భయం సార్, చెప్పలా. ఆ పిల్లోడికి ఆట పోతదని భయం, చెప్పలా. డాక్టరు మీ మొకంలోకి గూడా చూసినాడు గదా. మీకేం భయమని చెప్పలా?"