బియ్యం గదిలో చెల్లో

నేను చదివింది నాలుగో తరగతి వరకు. నేను రాసిన దాంట్లో తప్పులుంటే మా కోడలు దిద్దుతుంది. అయినా మాటలు మాత్రం మార్చొద్దని చెప్పాను.

పిఠాపురంలో మా ఇంటి ముందుగది బియ్యం గది. దాళ్వా, అంటే రెండో పంట వడ్లు మరాడించి తెచ్చిన బస్తాలు అక్కడే చెక్కల మీద గోడవారగా పేర్చి, మధ్య మధ్య వేపాకు వేసి, ఏడాదంతా అందులోంచే వండుకుంటాం. ఆ గదిలో బూరుగుదూది పరుపుల చుట్ట ఒకటి, మా ఆయన కుర్చీ ఒకటి ఉండేవి. ఆయన పోయి ఆరేళ్ళయింది. కుర్చీ గట్టిగానే ఉంది కాబట్టి ఉంచాను.

కిందటేడు ఎండలు ఇంకా తగ్గకముందే మా అబ్బాయి ఆ గది ఖాళీ చేస్తానన్నాడు. వాడు హైస్కూల్లో లెక్కలు చెబుతాడు. వాడికి ఒక్కగానొక్క కూతురు. ఆ కూతురు వాయించిన సంగీతం వినడానికి పెద్ద సౌండు సిస్టమ్ తెచ్చి అందులో పెడతాడట. బస్తాలు ఎక్కడ పెడతావురా అంటే వసారాలో అన్నాడు. నాకప్పటికే మోకాళ్ళ నొప్పులు. వాదించే ఓపిక లేక ఊరుకున్నాను.

సంగతేంటో చెప్పాలి. మా మనవరాలు మద్రాసులో సినిమాలకి వాయిస్తుంది. తెరమీద బొమ్మ నడుస్తుంటే వెనకాల సంగీతం వస్తుంది చూడండి, అది నలభై యాభైమంది ఒకచోట కూర్చుని ఒకేసారి వాయిస్తారు. వాళ్ళలో ఇది ఒకత్తి. దీని వాయిద్యం పేరు చెల్లో. చూడ్డానికి ఫిడేలే గానీ, కూర్చున్న మనిషంత ఎత్తు. నేలమీద నిలబెట్టి మోకాళ్ళ మధ్య పట్టుకుని వాయించాలి. వీణ నేర్చుకోవే అంటే వినలేదు.

పేరు చెప్పిన రోజునే నేను, "చెల్లోనో, చెల్లనిదో" అనేశాను. ఇంట్లో అందరూ నవ్వారు, అది తప్ప. ఆ తరవాత ఎప్పుడు ఫోన్ చేసినా, నీ చెల్లనిది ఎలా ఉందే అని అడిగేదాన్ని. సరదాకే అడిగేదాన్నని చెప్పను. అది నాకు నచ్చలేదు, అందుకే అడిగేదాన్ని. కొన్నాళ్ళకి వాళ్ళమ్మతో మాట్లాడి ఫోన్ పెట్టెయ్యడం మొదలెట్టింది.

ఇంతలో కాకినాడలో ఒక స్కూల్లో సంగీతం టీచరు ఉద్యోగం ఖాళీ అయింది. తెలిసినవాళ్ళ ద్వారా వచ్చిన కబురు. శ్రావణంలోగా అవునో కాదో చెప్పాలి. వచ్చెయ్యమని నేనే గట్టిగా పట్టుబట్టాను. అది వాయించిన ముక్కలు ఫోన్లో పంపిస్తే అందరం చెవి దగ్గర పెట్టుకుని విన్నాం. ఫిడేళ్ళు వినపడ్డాయి, పిల్లనగ్రోవి వినపడింది, దీనిది మటుకు ఎక్కడా లేదు. ఎవరికీ వినపడని పనికి ఊరుగాని ఊళ్ళో అద్దెగదిలో పడుండటం ఎందుకన్నాను.

అప్పుడు అది చాలా రోజుల తరవాత నాతో సూటిగా మాట్లాడింది.

"ఆ ఫోన్లో నేను ఉండను మామ్మా. అంత చిన్న స్పీకర్లో కింది స్వరాలు రావు. ఒక్కసారి సరిగ్గా విను. విన్నాక కూడా మానెయ్యమంటే మానేస్తాను. శ్రావణంలో వస్తాను, నీ నోటితోనే చెప్పు."

మా అబ్బాయి సౌండు సిస్టమ్ కొన్నది ఆ మాట కోసం. తన కూతురి బతుకు నా చెవుల మీద ఉందని వాడికి బెంగ.

కాకినాడ నుంచి ఒకాయన వచ్చి బిగించి వెళ్ళాడు. పొడుగు స్పీకర్లు రెండు, ముక్కాలిపీటంత ఎత్తు నల్ల పెట్టె ఒకటి. లావు శబ్దాలన్నీ ఆ పెట్టెలోంచే వస్తాయండి, దాన్ని సబ్ వూఫర్ అంటారండి, మూలకి పెడితే బేస్ బాగా వస్తుందండి అని చెప్పాడు. బాగా అంటే ఏంటో ఆయన్ని అడగవలసింది. మా అబ్బాయి పాట పెట్టగానే కిటికీ రెక్కలు, అటక మీది గిన్నెలు మోగాయి. డప్పు ఒకసారి కొడితే ఆ మోత గదంతా తిరిగి, అది అణగకముందే రెండో దెబ్బ పడుతోంది. అన్నీ కలిసి బుయ్యిమని ఒకటే రొద. మరలో నిలబడ్డట్టుంది.

"ఇందులో మా పిల్ల ఎక్కడరా?" అన్నాను.

వాడు పాట ఆపేశాడు.

అప్పటినుంచి రోజూ స్కూలు నుంచి రావడం, ఆ పెట్టెని జరపడం. మా ఇంట్లో వాడి వెనకాల తిరిగే ఓపిక ఎవరికీ లేదు. కోడలు తలుపేసుకుని నోట్సులు దిద్దుకునేది, అది కూడా టీచరే. ఒకరోజు నేను కాఫీ తీసుకెళ్తే మా అబ్బాయి నేలమీద మోకాళ్ళతో, చేతులతో పాకుతున్నాడు. పెట్టె వాళ్ళ నాన్న కుర్చీలో ఉంది. ఏం పోయిందిరా అన్నాను. పెట్టెని మనం కూర్చునే చోట పెట్టి, గదంతా పాకుతూ వింటే ఎక్కడ బాగా వినపడుతుందో అక్కడ పెట్టెకి చోటట. ఎవరో వీడియోలో చెప్పారట.

యాభై రెండేళ్ళ మనిషి. నడుం నొప్పని మంచినీళ్ళ బిందె ఎత్తడు.

"పాకు నాయనా. గడప దాటితే చెప్పు, గారెలు వండుతాను," అన్నాను.

లోపలినుంచి కోడలు నవ్విన చప్పుడు వినపడింది. వాడికీ నవ్వొచ్చింది గానీ, లేచి కూర్చుని మొహం తుడుచుకున్నాక ఆ మొహం నేను చూశాను. వినపడలేదని పిల్లతో చెప్పేస్తావా అమ్మా అన్నాడు. వినపడనిది వినపడిందని ఎలా చెబుతానన్నాను. అబద్ధం చెప్పే అలవాటు నాకు లేదు. ఆ మాటకి నాకూ ఆ పూట అన్నం సయించలేదు.

శ్రావణం వచ్చింది. పిల్ల వచ్చే ముందురోజు పొద్దున్న ఇద్దరూ స్కూళ్ళకి వెళ్ళాక వాన పట్టుకుంది. గాలికి జల్లు వసారాలోకి ఏటవాలుగా కొట్టి, బస్తాల మీద కప్పిన పరదా ఎగిరిపోయి కింది వరస బస్తాలు తడవబోతున్నాయి. తడిస్తే బియ్యం ముక్కిపోతాయి. నేను ఇంకెవరినీ అడగలేదు. ఎదురింటికి మేస్త్రీ పనికొచ్చిన ఇద్దరిని పిలిచి, ఆ బస్తాలన్నీ మళ్ళీ ముందుగదిలోకి, పాత చోట్లకే వేయించాను. స్పీకర్లు వదిలేసి మిగతా గోడలన్నీ నింపేశాను. పరుపుల చుట్ట కూడా తెచ్చి మూలన పెట్టాను.

బియ్యం వస్తే ఎలకలు వస్తాయి. సందు ఎక్కడుందా అని చూస్తే, ఆ నల్లపెట్టె వెనకాల గుండ్రంగా, చెంబు మూతి అంత కన్నం. కంపెనీ వాళ్ళు పెట్టిందే. ఎలక పిల్లలు పెట్టడానికి అంతకంటే మంచి చోటు ఏముంటుంది? నా పాత నేతచీర సగం, గిన్నెలు దించుకునే మసిగుడ్డలకని దాచింది, చుట్టచుట్టి ఆ కన్నంలో బిగించి కుక్కాను. తరవాత అక్కడే బస్తాకి ఆనుకుని పడుకున్నాను. లేవలేకపోయాను.

సాయంత్రం మా అబ్బాయి వచ్చి గది చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.  తిట్టినా బావుండేది. ఎలాగూ పాడైంది కదా అన్నట్టు పోయి మీట నొక్కాడు.

డప్పు దెబ్బ పడింది, పడి ఆగిపోయింది. మోత తిరగలేదు. వాడు వెనక్కి తిరిగి నావైపు చూశాడు. ఏం చేశావమ్మా అన్నాడు. ఏం చెయ్యలేదు, బియ్యం పెట్టుకున్నాను, కన్నానికి గుడ్డ పెట్టాను అన్నాను. వాడు వంగి ఆ గుడ్డ చూసి, దాన్ని తియ్యబోయి, తియ్యకుండా వదిలేశాడు.

నాకు అందులో ఆశ్చర్యం ఏమీ కనపడలేదు. ఖాళీ తిరగలి తిప్పితే ఇల్లంతా మోగుతుంది. గింజ పడితే అదే తిరగలి నింపాదిగా నడుస్తుంది. ఆ గదిలోంచి గింజ తీసేసింది వాడే.

మర్నాడు మధ్యాహ్నం పిల్ల వచ్చింది. చిక్కిపోయింది. కాళ్ళకి దణ్ణం పెట్టింది గానీ కళ్ళలోకి చూడలేదు. భోజనాలయ్యాక నన్ను వాళ్ళ తాతగారి కుర్చీలో కూర్చోబెట్టి, తను బస్తా మీద కూర్చుంది. రిమోట్ దాని చేతిలోనే ఉంది.

పాట మొదలయింది. ఫిడేళ్ళు, బూరలు, అన్నీ విడివిడిగా వస్తున్నాయి. వాటి కిందనుంచి లావుగా, జీరగా, ఎవరో ఆడమనిషి తనలో తను పాడుకుంటున్నట్టు ఒక గొంతు. చెవితో కంటే అరికాళ్ళతో ముందు తెలిసింది నాకు.

"అదేనా నువ్వు?" అన్నాను.

"నలుగురం. అందులో నన్ను విడిగా పట్టుకోలేవు. నేనే పట్టుకోలేను," అంది.

ఇంతలో రిమోట్ మీద ఏదో నొక్కింది. ఆ గొంతు సన్నబడి, ఉందో లేదో అన్నట్టయింది. పాట ఆగలేదు, నడుస్తూనే ఉంది. కానీ పప్పు మర్చిపోయి వడ్డించిన విస్తరిలా ఉంది. నల్లపెట్టె ఆపేశానని చెప్పింది. ఫోన్లో నువ్వు విన్నది ఇదే అని కూడా చెప్పింది.

"మళ్ళీ పెట్టు," అన్నాను.

పెట్టింది. చివరిదాకా విన్నాం. మా అబ్బాయి గుమ్మంలో నిలబడి గోడ గీకుతున్నాడు.

"ఇప్పుడు చెప్పు మామ్మా. కాకినాడ రమ్మంటావా?"

"ఈ బస్తాలు మళ్ళీ బయటికి లాగితే మటుకు ఊరుకోను."

"నేనడిగింది అది కాదు."

నాకు మెచ్చుకోవడం రాదు. మా ఇంట్లో నన్నెవరూ మెచ్చుకోలేదు, నేను నేర్చుకోలేదు. నాకు వచ్చిన మాటే అన్నాను.

"చెల్లుతుందిలే. వెళ్ళి వాయించుకో."

అది తల బస్తాకి ఆనించి ఏడ్చింది. ఏడవనిచ్చాను. బియ్యం మీద కన్నీళ్ళు పడకూడదే, లే అన్నాను కాసేపటికి. లేచి మొహం కడుక్కుంది. కాకినాడ వాళ్ళకి మా అబ్బాయే ఫోన్ చేసి కాదని చెప్పాడు. వెళ్ళే రోజున అది నాతో మాట్లాడాకే ఆటో ఎక్కింది.

ఇప్పుడు సాయంత్రాలు మా అబ్బాయి పాట పెడితే నేనూ వెళ్ళి బస్తాకి చేరగిలబడతాను. నడుముకి ఆసరాగా ఉంటుందని. కాకపోతే బియ్యం తింటున్నకొద్దీ వరస తరుగుతోంది, ఖాళీ అయిన వైపు మోత మళ్ళీ కొంచెం కొంచెం మొదలవుతోంది. కొన్నాళ్ళు రాత్రి పూట టిఫిన్ తిందామా అమ్మా అన్నాడు మొన్న. వాడికేం, అనేస్తాడు. పప్పు రుబ్బేది ఎవరు?

మిల్లు నుంచి ఊక తెప్పించి, ఖాళీ సంచుల్లో కూరి, అవే చోట్ల పెట్టమన్నాను. దబ్బనం, పురికొస ఉన్నాయి. మూతులు నేనే కుట్టాలి.