సముద్రం లేని ఊళ్ళో లంగర్లు

ముందు శబ్దం వచ్చేది. మడతల తలుపు గరగరమని జారేది, ఇనుప గొళ్ళెం టక్కుమనేది, ఆ వెనకే ఒక పొడుగాటి నిట్టూర్పు వినిపించేది. ఆ నిట్టూర్పు లిఫ్టుదో, లిఫ్టు నడిపే మనిషిదో కాన్పుల ఆసుపత్రిలో ఇన్నేళ్ళయినా ఎవరూ తేల్చుకోలేకపోయారు. తలుపు పూర్తిగా తెరుచుకున్నాక గానీ ఆయన కనిపించేవాడు కాదు. ఎత్తు స్టూలు, దాని మీద సన్నటి మనిషి, ఇత్తడి పిడి మీద కుడిచెయ్యి, సున్నం అంటుకున్నట్టు తెల్లబడిన మీసం.

"పైకా తల్లీ, కిందికా?"

ఆయన పేరు లంగరు. పడవని కదలకుండా పట్టి ఉంచే ఇనుప కొక్కెం ఉంటుందే, అదే. ఆ ఊరికి ఏ దిక్కున ఎంత దూరం నడిచినా సముద్రం ఎదురు కాదు. వానాకాలంలో వీధి మలుపులో నిలిచే నీళ్ళే అక్కడి వాళ్ళకు తెలిసిన పెద్ద జలరాశి. అలాంటి చోట ఒక మనిషికి ఆ పేరు ఉండటం ఒక వింత. ఆ పేరు పెట్టుకున్నవాడు పొద్దస్తమానం పైకీ కిందికీ తిరిగే ఉద్యోగంలో చేరడం అంతకు మించిన వింత.

బడిలో ఆ పేరు ఆయన్ని ఏడిపించింది. తాడు కనబడితే చాలు, పిల్లలు తెచ్చి నడుముకు కట్టేవాళ్ళు. పెద్దయ్యాక అదే పేరు ఆయన్ని మనిషిని చేసింది. "లంగరు" అంటే ఊరంతటికీ ఒక్కడే. ఇంటిపేరుతో పనిలేదు, వీధి పేరుతో పనిలేదు. అద్దంలో చూసుకుని మీసం దువ్వుకునేటప్పుడు, తనలాంటి ముఖాలు వెయ్యి ఉండొచ్చుగానీ ఆ పేరు మాత్రం లోకంలో తనొక్కడికే ఉందని ఆయన లోలోపల మురిసిపోయేవాడు.

ఒక్కగానొక్క కూతురు చిన్నప్పుడు ఆయన భుజమెక్కి కూర్చుని ఒక మాట అంది. "నాన్నా, నీ పేరు ఎవరికీ లేదు కదా. నాకు బాబు పుడితే అదే పెడతా." పిల్లలు ఇలాంటివి రోజుకు నాలుగు అని మరిచిపోతారు. లంగరు మరిచిపోలేదు. ఆ మాటను ఇస్త్రీ బట్టల మధ్య కొత్త నోటు దాచినట్టు దాచుకున్నాడు.

ఆ దాపరికానికి చిల్లు పెట్టింది కరెంటు.

ఒకరోజు మధ్యాహ్నం నొప్పులు పడుతున్న ఒకావిడను, పెద్ద నర్సును ఎక్కించుకుని లిఫ్టు పైకి బయలుదేరింది. రెండంతస్తుల నడుమ కరెంటు పోయింది. చీకట్లో లంగరు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆవిడ చేతికి దొరికింది ఆయన చొక్కా చెయ్యి. కరెంటు వచ్చేసరికి ఆ చొక్కాకు ఒక చెయ్యి తక్కువ, లిఫ్టులో ఒక ప్రాణం ఎక్కువ.

"చొక్కా పోయిందే, పాపం," అంది పెద్ద నర్సు, బిడ్డను తుడుస్తూ.

"పోనీండి సిస్టరమ్మా, పాతదే," అన్నాడు గోడతో.

"మీ పేరేంటన్నా?" అని అడిగింది బాలింత. చెప్పాడు. ఆవిడ కొడుక్కి అదే పెట్టుకుంది.

అంతటితో ఆగితే బాగుండేది. ఆ చిన్న లంగరు ఎలాంటి బిడ్డంటే, పడుకోబెట్టిన చోట పడుకునేవాడు, కూర్చోబెట్టిన చోట కూర్చునేవాడు. అర్ధరాత్రి ఏడుపు లేదు, పరాయివాళ్ళ ఒడిలో పేచీ లేదు. తల్లికి కంటినిండా నిద్ర. నిద్రపోయిన ముఖంతో వీధిలోకి వచ్చిన ఆ బాలింతను చూసి తక్కిన తల్లులు కుళ్ళుకున్నారు. ఆరా తీశారు. పేరు మహిమ అని తేల్చారు. అంతే, వాన వెలిశాక గోడల మీద నాచు పాకినట్టు ఆరేడేళ్ళలో ఆ పేరు వీధి వీధికీ పాకింది.

సరిగ్గా అప్పుడే కూతురు నెల తప్పింది.

ఆ పిల్లకు ముందునుంచీ ఒకటే పంతం. నలుగురికీ ఉన్నది తనకు వద్దు, చీరైనా సరే, పేరైనా సరే. ఇంకా లంగర్లు పుడుతూ పోతే తన ఆశ గోవిందా అని ఆయనకు అర్థమైంది. ఇక లిఫ్టులోనే ప్రచారం మొదలుపెట్టాడు.

"లంగరు అనే పేరు అసలెక్కడిదన్నా?" అని ఒక గర్భిణి అడిగితే మొహం వేలాడేసుకుని, "వద్దు తల్లీ. పూర్వం ఆ పేరుగల ఓడవాడు నట్టనడి సముద్రంలో మునిగిపోయాడు," అన్నాడు.

"అయ్యో! ఓడని వదల్లేదన్నమాట. ఎంత మాట మీద నిలబడే మనిషో!" అని ఆవిడ కళ్ళు తుడుచుకుంది. పెట్టేసుకుంది.

రెండో ఆవిడకు కథ మార్చాడు. "వాడొక గజదొంగమ్మా. కొక్కెం విసిరి మేడలెక్కేవాడు."

పక్కనే ఉన్న భర్త పోలీసు. పడీ పడీ నవ్వాడు. "నా ఇంట్లోనే దొంగ! స్టేషన్లో చెప్తే చచ్చిపోతారు నవ్వి." ఆయనా పెట్టుకున్నాడు.

మూడో ఆవిడ దగ్గర ఉన్న బాణాలన్నీ వదిలాడు. "లంగరంటే వట్టి సోమరిపోతు. పడేసిన చోటునుంచి లేవడు. తిండికి తప్ప నోరు తెరవడు."

ఆవిడ పొట్ట నిమురుకుంటూ దణ్ణం పెట్టింది. "నీ నోట్లో చక్కెర పొయ్య! పెద్దవాళ్ళిద్దరూ కాలుగాలిన పిల్లుల్లా తిరుగుతున్నారు. ఒక్కడైనా కుదురుగా పడుండేవాడు కావాలి నాకు."

ఇంటికి వెళ్ళి భార్యతో మొరపెట్టుకుంటే ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలెత్తకుండానే అంది. "మీరు నోరు మూసుకుంటే సగం మంది తగ్గుతారు. కథలు చెప్పి అమ్ముకుంటున్నది మీరే."

కాన్పుకు వచ్చిన కూతుర్ని ఒక సాయంత్రం నడకకు తీసుకెళ్ళాడు. కూరగాయల బండి దగ్గర ఎవరో తల్లి, "ఒరే లంగరూ! రారా ఇటు, వీపు చీరేస్తా!" అని కేక వేసింది. గోలీలాడే వాళ్ళలో ముగ్గురు లేచారు. అలవాటు కొద్దీ లంగరు కూడా రెండడుగులు వేశాడు.

కూతురు ఆ ముగ్గుర్నీ చూసింది, తండ్రినీ చూసింది. ఇంటిదాకా వంకాయల ధర గురించే మాట్లాడింది. ఆ వంకాయలే ఆయనకు ముళ్ళలా గుచ్చుకున్నాయి.

నొప్పులు వచ్చిన రోజు ఆమెను, వెంట పెద్ద నర్సును పైకి తీసుకెళ్ళింది ఆయన లిఫ్టే. పిడిని ఆయన ఎప్పుడూ ఒక్కసారిగా తిప్పడు. నిద్రపోయే బిడ్డ వేళ్ళలోంచి తన వేలు విడిపించుకున్నట్టు తిప్పుతాడు. అంతస్తు వచ్చిందని స్ట్రెచర్ చక్రానికి కూడా తెలియదు. ఆ రోజు మరీ మెల్లగా తిప్పాడు.

"నాన్నా, నొప్పి మరిచిపోయేలా ఏదైనా చెప్పు. నీ పేరు కథ చెప్పు. దొంగ కథ వద్దు, ఓడ కథ వద్దు. అసలుది."

ఆయన పెద్ద నర్సు వైపు చూశాడు. పళ్ళూడిపోయేదాకా ఎవరికీ చెప్పకూడదనుకున్నది అది.

"మీ తాతకి పాత ఇనుము కొట్టు ఉండేది కదమ్మా. నేను పుట్టాక, బిడ్డ బక్కగా ఉన్నాడని మీ తాత బావమరిది ఒక మాటన్నాడట. మీ తాతకి పౌరుషం. నన్ను తీసుకుపోయి ఇనుము తూచే కాటాలో పడుకోబెట్టాడు. ఆ పూట తూకంరాళ్ళు పక్క కొట్టువాడు పట్టుకుపోయాడు. చేతికందిన పాత పడవ లంగరు రెండో తట్టలో వేశాడు. ముల్లు నడిమధ్యన నిలబడింది."

"అయితే?"

"అయితే ఏముంది! బిడ్డ ఎంతున్నాడంటే లంగరంత ఉన్నాడు. లంగరెంత ఉందంటే బిడ్డంత ఉంది. రెండింటి బరువూ ఎవరికీ తెలీదు. బావా బావమరిదీ ఇద్దరూ గెలిచామనే అనుకున్నారు. మంచి పేరు చూసి పెడదాంలే, అందాకా లంగరనే పిలుద్దాం అన్నారు. ఇంకా చూస్తున్నారు."

నొప్పి మధ్యలో కూతురు నవ్వింది. నవ్వలేక ఏడ్చింది, ఏడవలేక నవ్వింది. పెద్ద నర్సు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "నవ్వించకయ్యా, ఇక్కడే అయ్యేలా ఉంది!" అని కసిరింది. అప్పటికే లిఫ్టు పై అంతస్తులో ఆగి ఉంది. ఆగిన సంగతి ముగ్గురిలో ఎవరూ గమనించలేదు.

మనవడు పుట్టాడు. పుట్టడం పుట్టడమే ఆసుపత్రి కప్పు ఎగిరిపోయేలా ఏడ్చాడు.

"నాన్నా," అంది కూతురు, బిడ్డను ఆయన చేతుల్లో పెట్టి. "నీ పేరు పెట్టను. ఊళ్ళో ఇప్పటికే అంగుళానికొకడు ఉన్నాడు."

ఆయన తలూపాడు.

"వీడికి ఎవరూ పెట్టని పేరు చూశా," అని చెవిలో చెప్పింది. విని లంగరు తెల్లబోయాడు. తన చిన్నప్పుడు బడిలో పిలిస్తే సగం తరగతి లేచి నిలబడే పేరు అది. అందరికీ ఉందని విసుగెత్తి అందరూ వదిలేసిన పేరు.

"ఇప్పటి పిల్లల్లో అది ఒక్కళ్ళకీ లేదు. కావాలంటే వీధిలో కేకేసి చూడు," అంది కూతురు. "ఇంకో మాట. మన వంటింటి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టావే, తుప్పు పట్టిన ఇనుప ముక్క. అది ఆ లంగరేనా?"

"అదే."

"అది నాకిచ్చెయ్. పేరు ఎంతమందైనా పెట్టుకోనీ. అది ఉండేది వీడికొక్కడికే."

మర్నాడు ఆయన దాన్ని ఇసుకతో తోమి, సంచిలో వేసుకుని ఆసుపత్రికి తెచ్చాడు. పెద్ద నర్సు పిల్లల కాటాలో ముందు మనవణ్ణి పెట్టింది, తర్వాత ఆ ఇనుప లంగరును పెట్టింది. మనవడే కాస్త ఎక్కువ తూగాడు. ఆ ఎక్కువెంతో ఎవరడిగినా లంగరు రెండు చేతులూ బారజాపి చూపిస్తాడు.

ఈ వింత విని వచ్చి సంగతులన్నీ రాసుకున్న పేపరువాళ్ళు చివర్లో ఆయన్ని ఒకటే అడిగారు, పేరు గురించి ఏమని రాయమంటారని. ఆయన కింద అంతస్తులో లిఫ్టు ఆపి, మడతల తలుపు గరగరమని తీసి, చుట్టూ ఎవరైనా గర్భిణులు వింటున్నారేమోనని చూసుకుని గొంతు తగ్గించాడు.

"బ్రహ్మాండమైన పేరు, చాలా మంచి పేరు అని రాయండి సార్. చెడ్డగా చెప్పినకొద్దీ జనం ఎగబడుతున్నారు."