అరుగు దీపానికి ఒకే స్విచ్చు

మా ముత్తాతగారు మూడూళ్ళకు మునసబు. రేవు దాటి వచ్చే బాటసారుల కోసం మా వీధి అరుగు మీద తెల్లవార్లూ పెద్ద లాంతరు వెలిగించి ఉంచేవారు. మా తాతగారు తాలూకా బోర్డు సభ్యులు. కాలవల తనిఖీకి వచ్చే దొరలు మా హాల్లోనే భోంచేసేవారు. పడుకునేదాకా వీధి తలుపులు మూయడం మా ఇంటా వంటా లేదు. తలుపులు మూసుకుని భోంచేసేవాళ్ళతో తాతగారు వియ్యానికి కూడా ఒప్పుకునేవారు కారట.

ఇదంతా ఎందుకు చెప్పడమంటే, డెబ్భైల చివర్లో మా అరుగు మీద పడే వెలుతురు మాది కాదు. ఎదురింటి హెడ్మాస్టరుగారిది. వారి తాతగారు మా పొలాల్లో పనిచేసినవారు. ఈయన చదువుకుని, హెడ్మాస్టరై, డాబా కట్టి, వరండాలో ట్యూబులైటు పెట్టించారు. దాని వెలుగు వీధి దాటి వచ్చి మా అరుగెక్కి కూర్చునేది. సాయంత్రాలు నేను అరుగు మీద పేపరు చదువుకుంటూంటే ఆయన అటునుంచి, "బాబుగారూ, వెలుతురు సరిపోతోందాండీ?" అని ఎంతో మర్యాదగా అడిగేవారు. ఆ మర్యాదే నాకు నిద్ర పట్టనిచ్చేది కాదు.

మా ఇంట్లో కరెంటు లేక కాదు. ఊళ్ళో మొట్టమొదట వచ్చింది మా ఇంటికే. కానీ హాల్లో బల్బు నేను వెలిగించనిచ్చేవాణ్ణి కాదు. అందులో తాతగారి పటం తప్ప ఏమీ మిగల్లేదు. బర్మా టేకు సోఫాలు, పాలరాతి బల్ల, నిలువుటద్దం ఒక్కొక్కటే బండెక్కి, పైన గడ్డి కప్పుకుని, తెల్లవారకముందే ఊరు దాటాయి. ఊరికి ఆ సంగతి తెలియదు. తెలియకూడదు. కిటికీలు మూసి ఉంచితే, వీధి తలుపులు తీసే ఉన్నా, లోతైన ఆ హాలు పగలు కూడా చీకటే. చీకట్లో సామానుందనే అందరూ అనుకునేవారు. నేనూ నాయనమ్మా వెనక వసారాలోనే కాలక్షేపం చేసేవాళ్ళం.

అరుగు మీద సొంత దీపం పెట్టించాలని నిశ్చయించుకుని, ఊళ్ళో మేస్త్రిని కాదని బండారులంక నుంచి కరెంటు మేస్త్రిని పిలిపించాను. హాలు సంగతి ఆయనతోపాటే బండారులంక వెళ్ళిపోతుందని నా ఆలోచన. ఆయన టెస్టరు పట్టుకుని, ఇల్లు తనదే అన్నట్టు ఒకసారి కలయదిరిగాడు.

"వెనకాల మెయిను బోర్డు నించి కొత్త లైను లాగాలండి. హాలు గోడమ్మట చెక్క బద్దీలు కొట్టుకుంటా వచ్చేస్తానండి. అరుగు దీపానికి వేరే స్విచ్చెడతానండి."

గోడమ్మట అంటే తాతగారి పటం మీదుగా.

"మా తాతగారి నెత్తిమీంచి వైరు పోవడానికి వీల్లేదు."

"పటాన్ని కాస్త కిందకి దింపుదామండి."

"ఆయన్ని దింపినవాడు ఈ జిల్లాలో లేడు."

"ఆయ్. అయితే హాలు బల్బు దగ్గరే కలిపేసి, గుమ్మం మీద వెంటిలేటర్లోంచి బయటికి లాగేస్తానండి. కాపోతే రెండిటికీ ఒకటే స్విచ్చండి బాబూ."

"ఒకటి చాలు. స్విచ్చులు లెక్కపెట్టుకునే వంశం కాదు మాది."

ఆయన నావంక ఒకసారి చూసి నిచ్చెన ఎక్కాడు. ఆ నిచ్చెన కూడా హెడ్మాస్టరుగారిదే. మా హాలు కప్పుకి అందే నిచ్చెన వీధిలో ఇంకెవరికీ లేదు. మోసుకొచ్చినవాళ్ళని గుమ్మం దగ్గరే ఆపి, లోపలికి మేమే లాక్కున్నాం. పని అయ్యాక పగలే పరీక్ష చేశాం. నేను అరుగు మీద నిలబడి అరుగు దీపమే చూశాను.

ఆ సాయంత్రం దీపం చూడ్డానికి వీధి వీధంతా వచ్చింది. హెడ్మాస్టరుగారు తన ట్యూబులైటు ఆర్పేసి మరీ వచ్చారు. నేను కండువా సర్దుకుని లోపలికి వెళ్ళి స్విచ్చు వేశాను. అరుగు వెలిగింది. నా వెనక హాలు కూడా వెలిగింది. జనం అరుగు దీపాన్ని వదిలేసి, బార్లా తెరిచిన తలుపుల్లోంచి లోపలికి చూశారు.

"సామానేదండీ?" అంది గుంపులోంచి ఒకావిడ.

"పాలిష్‌కి ఆలమూరు పంపించాం." ఆ మాట ఎక్కణ్ణించి ఊడిపడిందో నాకే తెలియదు.

"మొత్తం ఒకేసారాండీ?"

"మా ఇంట్లో ఏది చేసినా మొత్తంగానే చేస్తాం."

మర్నాడు హాలు బల్బు ఊడదీయించబోతే నాయనమ్మ అడ్డం పడింది. "ఒరే, ఎన్నాళ్ళకి మీ తాత మొహం కనిపించిందిరా! ఆ బల్బు తీసేవంటే నేను అన్నం ముట్టను." పోనీ తలుపులు మూద్దామన్నాను. "మీ తాత మూయని తలుపులు నువ్వు మూస్తావూ? ట్యూబులైటుతో పోటీకి బయల్దేరినప్పుడేవైందిరా ఈ సిగ్గు?" అంది. అసలు దీపమే వెలిగించకపోతే, మునసబుగారి మునిమనవడి దీపం ఒక్క పూట వైభవమేనని ఊరు నవ్వుతుంది.

అందుకని రోజూ సాయంత్రం నా చేతులతో నేనే మా ఖాళీ హాలుని వీధికి చూపించుకున్నాను. "పాలిష్ ఇంకా అవలేదాండీ?" అని అడిగేవారు దారినపోయేవాళ్ళు. ఒకాయనైతే, "రేపు ఆలమూరు ఎల్తన్నానండి, కనుక్కుని రమ్మంటారా?" అన్నాడు. ఆయన్ని ఆపడానికి నాకు కాఫీ ఇప్పించాల్సి వచ్చింది.

కొన్నాళ్ళకి హెడ్మాస్టరుగారు వచ్చి అరుగు కింద నిలబడ్డారు. "బాబుగారూ, ట్యూషను పిల్లలకి మా వరండా చాలడం లేదండీ. సామాను వచ్చేదాకా మీ హాల్లో కూర్చోబెట్టుకోమంటారా? వచ్చిన రోజున ఖాళీ చేసేస్తామండీ."

సామాను ఎప్పుడొస్తుందని మాత్రం ఆయన అడగలేదు.

"ముందు పైకి రండి," అన్నాను. "మా హాలు కావలసినవాళ్ళు కింద నిలబడి అడగక్కర్లేదు."

మర్నాటి నుంచి పిల్లలు చాపలు పరుచుకుని కూర్చున్నారు. ఎక్కాల రొదతో హాలు నిండిపోయింది. నాయనమ్మ పటం కింద పీట వేసుకుని, తనకి అక్షరమ్ముక్క రాకపోయినా, తడబడిన ప్రతివాణ్ణీ గదమాయించేది. పాలిష్ సంగతి అడగడం ఊరు మానేసింది. ఇంతమంది పిల్లలుంటే సోఫాలు తెచ్చి మాత్రం ఎక్కడ పెడతారులే అని వాళ్ళలో వాళ్ళే సర్ది చెప్పుకున్నారు. నేను అరుగు మీద నా దీపం కింద పేపరు చదువుకున్నాను.

పై ఏడు వేసవిలో, తాతగారు మూయనివ్వని ఆ వీధి తలుపులు, ద్వారబంధంతో సహా, రామచంద్రపురం కలప వర్తకుడికి అమ్మేశాం. వాటి స్థానంలో మామిడిచెక్క తలుపులు పెట్టించాం.