నా భార్య నాకంటే ముందు చూసిన గుట్ట

మొన్న సూరత్‌లో ఉధ్నా బస్టాండులో పట్టుమని ఇరవై ఏళ్లు లేని పిల్లలు నలుగురు, ఫోన్‌లో వాన పడుతున్న గుట్టనొకదాన్ని చూసి అప్పటికప్పుడు బస్సెక్కేయడం చూశాక, కరోనా కాలంలో నేను పడ్డ కుళ్లు ఒకటి గుర్తుకొచ్చింది. ఈ వయసులో చెప్పుకోవడానికి సిగ్గెందుకు, నా ఈడువాళ్లు అర్థం చేసుకుంటారు.

పెళ్లయిన కొత్తలో, ఇక్కడే ఖటోదరాలో సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపే రోజుల్లో, తోటి కార్మికుడొకాయన సాపుతారా గుట్టకు వెళ్లొచ్చి అక్కడ మబ్బులు మనుషుల మధ్యనే నడుస్తాయని చెబితే, ఆ మాట ఇంటికి మోసుకెళ్లి, వచ్చే వానాకాలం నిన్ను తీసుకుపోతానని నా భార్యకు మాటిచ్చాను. సెలవు దొరికితే ఊళ్లో పెళ్లి, పెళ్లి లేకపోతే పిల్లలకు జ్వరం, అలా ముప్ఫై ఏళ్లు గడిచాయి. ఆమె అడగడం మానేసింది.

లాక్‌డౌన్‌లో డిండోలిలోని మా గదిలో అందరం ఇరుక్కుని ఉన్నప్పుడు, సూరత్‌లోనే పుట్టి పెరిగిన మా తమ్ముడి కూతురు పొద్దంతా ఆ గుట్ట వీడియోలే చూస్తూ వాళ్ల పెద్దమ్మకూ చూపించేది. ఎవరో అమ్మాయి పసుపు గొడుగుతో మబ్బులో తిరుగుతుంటే, ఆ వెనకే హోటల్ వాళ్ల రాయితీ ప్రకటన వచ్చేది. దారులు తెరిచాక స్నేహితురాళ్లతో బయలుదేరుతూ, "పెద్దబాపూ, పెద్దమ్మను తోల్కపోతున్న. నువ్వు సుత రారాదు, మస్తు మజా వస్తది" అంది. పనుందన్నాను. పని ఉన్నమాట నిజమే కానీ, నేను చూపిస్తానన్న గుట్టను ఈ పిల్ల చూపించడమేమిటన్న ఉక్రోషమే ఎక్కువ.

మర్నాడు ఆ పిల్ల నెట్‌లో పెట్టిన వీడియో నా ఫోన్‌కూ వచ్చింది. మాస్కు గడ్డం కిందికి జారి, తడిసిన కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని నా భార్య విరగబడి నవ్వుతోంది. ముక్కూమొహం తెలియనివాళ్లు వందలమంది దాన్ని మెచ్చుకున్నారు. అలాంటి నవ్వు నేనెప్పుడూ చూడలేదు. ఆ పిల్ల మీద, ఆ ఫోన్ మీద, ఆ వందలమంది మీద కడుపు మండిపోయి, ఆమె తిరిగొచ్చాక రెండు రోజులు సరిగా మాట్లాడలేదు.

మూడోనాడు అన్నం వడ్డిస్తూ ఆమే కదిపింది. "ఏంది గా మూతి? ముప్పై ఏండ్ల సంది నువ్వు తోల్కపోతవని చూసిన. గా పోరి ఒక్కపారి అడిగింది, పోయిన. తప్పా?"

అన్నం తిన్నాక, ఆదివారం బస్సు ఎన్నింటికో కనుక్కున్నాను.

ఆ ఆదివారం ఇద్దరమే బస్సెక్కాం. కొండ అంచున వీడియోల కోసం పిల్లలు వరుస కట్టి ఉన్నారు. ఎక్కడ నిలబడాలో, మబ్బు ఏ వైపు నుంచి వస్తుందో అన్నీ ఆమే చెప్పింది.

మా కాలంలో ఒక చోటు పేరు ఎవరి నోటనో విని, ఆ ఆశను ఏళ్ల తరబడి లోపలే దాచుకునేవాళ్లం. ఇప్పటి పిల్లలు ప్రకటన చూపిన చోటికే పోతారనీ, ఫోన్‌లో చూసిందే మళ్లీ చూసొస్తారనీ నేనూ వెక్కిరిస్తాను. అయినా వాళ్లంటే నాకింకా అసూయే. పక్కనున్న మనిషి అడగడం మానేయకముందే వాళ్లు బయలుదేరిపోతున్నారు.