వదిన పాట మీద పడ్డ హక్కు

నిన్న పొద్దున టీ తాగుతూ ఫోను తెరిస్తే మళ్ళీ అలాంటి మెయిలే వచ్చి ఉంది. మా పాత ఛానెల్లోని ఒక వీడియో మీద ఎవరో కాపీరైట్ క్లెయిమ్ వేశారట, ఇకమీదట దానిపై వచ్చే ప్రకటనల సొమ్మంతా వాళ్ళకే పోతుందట. దేని మీద వేశారా అని చూద్దును కదా, వాన చప్పుడు మీద! ఆ వాన నాకు బాగా గుర్తు. హనుమకొండలో నా నెట్ సెంటర్ రేకుల మీద కురిసిన వాన అది. కరెంటు పోతుందేమోనని నేను బిక్కుబిక్కుమంటుంటే, వదిన మాత్రం తెర మీద లారీని ఘాట్ రోడ్డెక్కిస్తూ, తడి రోడ్డు మీద బ్రేకు ఎలా తొక్కాలో చెప్పుకుంటూ పోయింది. ఇప్పుడు ఆ వాన కూడా ఎవరిదో అయిపోయింది. నవ్వొచ్చింది, నవ్వుతూనే భయమేసింది.

నా ఈడు వాళ్ళకు నెట్ సెంటర్ల రోజులు గుర్తుండే ఉంటాయి. పరీక్షా ఫలితాలొచ్చిన రోజున మెట్ల దాకా జనం, ప్లైవుడ్ అరల మీద పెన్నుతో రాసిన ప్రేమ పేర్లు, ప్రింటుకు ఇంత అని గోడకు అంటించిన కాగితం, అదంతా ఒక వెలుగు. చేతుల్లోకి ఫోన్లొచ్చాక ఆ వెలుగు ఆరిపోయింది, సగం కంప్యూటర్లకు గుడ్డ కప్పేశాను. మధ్యాహ్నం నేను అన్నానికి ఇంటికి పోతే మా వదిన వచ్చి కౌంటరులో కూర్చునేది. ఒకరోజు తిరిగొచ్చేసరికి ఆమె కౌంటరులో లేదు. మూల కంప్యూటరు ముందు కూర్చుని, పిల్లలు వదిలేసి పోయిన లారీ ఆట ఆడుతోంది.

మా అన్న లారీ డ్రైవరు. కేసముద్రం మార్కెట్లో లోడు ఎత్తుకుని దేశమంతా తిరిగినవాడు. పెళ్ళయిన కొత్తలో వదినను క్యాబిన్లో పక్కన కూర్చోబెట్టుకుని ఊళ్ళు చూపించాడు గానీ, ఎంత బతిమాలినా స్టీరింగ్ మాత్రం ఒక్కనాడూ ఇవ్వలేదు. ఆ కోరికంతా నా మూల కంప్యూటరు మీద తీర్చుకుంది మహాతల్లి. ఆటలో ఉన్నది ఏ దేశపు రోడ్లో ఏమో, ఆమెకు మాత్రం అది ఖమ్మం రోడ్డే. ఎదురొచ్చిన కారును చూసి “జర పక్కకు జరుగు కొడుకా, పత్తి లోడు వస్తాంది, కనబడ్తలేదా!” అని గదమాయించేది. నాకు కడుపుబ్బ నవ్వొచ్చి ఆ ఆటనూ ఆ మాటలనూ కలిపి రికార్డు చేసి నెట్లో పెట్టాను. ఎవరు చూస్తారులే అనుకున్నాను. చూశారు! దుబాయిలో, ముంబయిలో పనికి పోయిన మన వాళ్ళు, లారీ క్లీనర్లు, ఇళ్ళల్లో ఆడవాళ్ళు, అందరూ చూశారు. ప్రకటనలు రావడం మొదలై, అన్న కంటి ఆపరేషను వదిన సంపాదనతోనే అయింది. దవాఖాన నుంచి వచ్చి నల్లద్దాలు పెట్టుకుని అన్న అందరికీ చెప్పుకునేవాడు, నా పెండ్లాం నాకంటే పెద్ద డ్రైవరు అని.

మొదట్లో నాకొక గుబులుండేది. బొమ్మ ఆ ఆట చేసిన కంపెనీది, నడపడం వదినది, మాట వదినది, మరి వీడియో ఎవరిది? కనుక్కుంటే, ఆడుతూ మీ మాటలు మీరు చెప్పుకుంటే ఫరవాలేదని ఆ కంపెనీయే రాసి పెట్టింది. హమ్మయ్య అనుకున్నాను. దెబ్బ ఇంకోవైపు నుంచి వచ్చింది. ఆట లారీలో రేడియో మోగుతుంది కదా, ఆ పాటలు వేరే ఎవరివోనట. వాటి మీద క్లెయిములు పడ్డాయి. న్యాయమే, పరాయి సొమ్ము మనకెందుకని వదిన రేడియో కట్టేసింది. కానీ పాట లేని క్యాబిన్ ఏం బాగుంటుంది? అందుకని తనే పాడటం మొదలుపెట్టింది. తన సొంత గొంతుతో పాడుకుంటే ఎవరేమంటారులే అని నేనే ధైర్యం చెప్పాను.

అది వాళ్ళ అమ్మ పాట. వర్ధన్నపేట అవతల వాళ్ళ ఊళ్ళో పత్తి చేలో కలుపు తీస్తూ ఆ తల్లి కట్టుకున్నది. ఒక్కొక్క చరణంలో సాలులో ఉన్న ఒక్కొక్క ఆడమనిషిని పేరు పెట్టి పిలిచి ఆటపట్టిస్తుంది. వదిన వాళ్ళ చిన్నమ్మ నడుం నొప్పిని, ఇంకొకామె కొత్త ముక్కుపుడకను. చివరి చరణంలో పాడే మనిషి తన పేరు తానే చెప్పుకుని తన మీద తానే నవ్వుకుంటుంది. ఆ తల్లి ఒక్క ఫోటో అయినా దిగకుండానే పోయింది. వదినకు అమ్మంటే మిగిలింది ఆ పాట, ఆ చివరి చరణంలోని పేరు, అంతే. ఆ పేరు దగ్గరికొచ్చేసరికి వదిన గొంతు కాస్త పెద్దదయ్యేది, లారీ కూడా మెల్లగా పోయేది.

ఆ వీడియోను జనం నెత్తిన పెట్టుకున్నారు. కొన్నాళ్ళకు దాని మీదా క్లెయిమ్ వచ్చింది. పేరెన్నడూ వినని ఏదో మ్యూజిక్ వాళ్ళు వేశారు. వాళ్ళ పాట ఏమిటా అని పెట్టి వింటే ముగ్గురం బొమ్మల్లా నిలబడిపోయాం. సాంతం వదిన గొంతే! కింద డప్పులు చేర్చి, వేగం పెంచి, చివరి చరణం కోసేశారు. మా వీడియోలోంచి ఎత్తుకుపోయి, తమదని నమోదు చేయించుకున్నారు. వీడియోలు పెట్టే సైటు వాళ్ళ యంత్రం రెండూ పోల్చి చూసి, మాదే కాపీ అని తేల్చింది.

“మా చిన్నమ్మ పేరు వాళ్లకెట్ల ఎరుక తమ్మీ?” అని వదిన మళ్ళీ మళ్ళీ అడిగింది. ఆ మాటే ఇంగ్లీషులో రాసి అభ్యంతరం పెట్టాను. తీరా తెలిసిందేమిటంటే, ఆ అభ్యంతరం మొదట పోయేది ఆ క్లెయిమ్ వేసినవాళ్ళ దగ్గరికే. కాదన్నారు. మళ్ళీ పెట్టాను. ఈసారి వీడియోనే తీయించేసి మా ఛానెల్ మీద స్ట్రయిక్ వేయించారు. అలాంటివి మూడు పడితే ఛానెల్ మొత్తం మాయమవుతుంది. వదిన ఆ పాట పాడిన వీడియోలు ఇంకా ఎన్నో ఉన్నాయి, ఒక్కొక్కదాని మీదా మెయిలు వస్తోంది. అవతల మనిషి ఉన్నాడో లేడో, ఉంటే ఏ ఊళ్ళో ఉన్నాడో తెలియదు. తిట్టడానికి కూడా ముఖం లేదు. కోర్టు దగ్గర ఒక వకీలును కలిస్తే అంతా ఓపిగ్గా విని, వాళ్ళ అడ్రసు తెస్తే చూద్దామన్నాడు. మేం లేచేలోపు ఆయన ఫోను మోగింది. రింగ్‌టోన్ అదే పాట. వదిన తల వంచుకుని చెప్పులు వెతుక్కుంది.

తర్వాత ఇంట్లో ఎవరి ఫోను టింగుమన్నా ఆమె ఉలిక్కిపడేది. రెండో స్ట్రయిక్ పడ్డాక నన్ను పిలిచి, “తీసెయ్ తమ్మీ. పాట తీసేస్తే కడమదన్న ఉంటది” అంది. పాట ఉన్నంతసేపు మూగగా చేసే మీట ఒకటి ఇచ్చారు ఆ సైటు వాళ్ళు. వీడియో తర్వాత వీడియో, నొక్కుకుంటూ పోయాను. ఇప్పుడు చూస్తే లారీ ఒక్కటే పోతూ ఉంటుంది, చప్పుడుండదు. తర్వాత హఠాత్తుగా తిట్టు మధ్యలోంచి వదిన గొంతు వస్తుంది. ఛానెల్ మిగిలింది. వదిన మాత్రం మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోలేదు. వంటింట్లో కూనిరాగం తీయబోయి, బల్ల మీద ఫోను కనబడితే టక్కున ఆపేసేది.

మొన్న వానాకాలం వాళ్ళ ఊరికి పోయాం. పత్తి చేలో వయసు పిల్లలు కలుపు తీస్తూ, గట్టు మీద ఫోను పెట్టి ఆ డప్పుల పాటే వేసుకున్నారు. వదిన వాళ్ళ పక్కన కూర్చుని, తెలియకుండానే గొంతు కలిపింది. ఎన్నేళ్ళయిందో ఆమె పాడగా విని! ఫోనులో పాట అయిపోయింది, వదిన ఆగలేదు, చివరి చరణం ఎత్తుకుంది. ఒకమ్మాయి నవ్వుతూ, “పెద్దమ్మా, గట్ల కాదే, పాట గక్కడికే అయిపోతది” అంది. చెప్పేస్తుందని నేను ఎదురు చూశాను. “అట్లనా బిడ్డా” అని, వాళ్ళు మళ్ళీ వేస్తే, మొదటి నుంచి వాళ్ళ లెక్కనే పాడి, వాళ్ళు ఆపిన చోటే ఆపింది.

మా రోజుల్లో పాట ఎవరిదని ఎవరూ అడిగేవారు కాదు. కోడలి వెంట ఇంకో ఊరికి పోయేది, అక్కడి పేర్లు చేరేవి, పాతవి జారిపోయేవి. పోవడం అప్పుడూ ఉంది, కాదనను. పాడిన మనిషి భయపడటం మాత్రం లేదు. ఆ తల్లి పేరు కనీసం ఈ కాగితం మీదైనా ఉంచుదామని వదినను అడిగాను. “వద్దు తమ్మీ, రాస్తే అది గూడ వాళ్లదే అంటరు” అంది. అందుకే రాయలేదు.